నలభై ఒకటో కాగితం

లువాంష్యా,
14 మార్చి 2004

అక్క ప్రిస్కాకి,

నీ ఉత్తరం పదిహేడు రోజులకు చేరింది. కేప్‌టౌన్ నుంచి మనిషి సైకిలు తొక్కుకుంటూ వచ్చినా ఇంచుమించు అంతే పడుతుంది. అయినా ఫోను చెయ్యకుండా రాసినందుకు మెచ్చుకుంటున్నాను. ఫోనులో అన్నమాటను తెల్లారితే ఎవడైనా అనలేదంటాడు. ఇరవై ఆరేళ్ళు పన్నుల కార్యాలయంలో పనిచేసినవాడు కాగితాన్ని తప్ప దేన్నీ నమ్మడు. కాగితాన్నయినా రెండుసార్లు చదివాకే.

నేను అక్క అని రాస్తే నీ గదిలో ఉండే కెన్యా పిల్ల నవ్విందన్నావు. అరవై నాలుగేళ్ళ ముసలాడు ఇరవై ఏడేళ్ళ దాన్ని అక్కా అంటాడేమిటని. ఆ పిల్లకి ఇలా చెప్పు. "మా అమ్మ లుకొండె ఈయనకి అక్క. ఆవిడ పోయిన ఏడాదికి పెద్దలు కూర్చుని నా మణికట్టుకి తెల్లపూసలు కట్టి, గిన్నెలో నీళ్ళు తాగించి, ఆవిడ పేరూ ఆవిడ స్థానమూ నాకిచ్చారు. అప్పటి నుంచి ఈయనకి నేనే లుకొండెని." అప్పుడు పన్నెండేళ్ళ పిల్లవి నువ్వు, నలభై తొమ్మిదేళ్ళ వాణ్ణి నేను. నీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చప్పట్లు కొట్టి అక్కా అన్నాను. నువ్వు బిస్కెట్టు తింటూ నా వైపు చూశావు. కెన్యావాళ్ళకి ఇవి లేకపోతే అది వాళ్ళ లోటు.

ఇక అసలు సంగతి. నీ ఎల్.ఎల్.ఎం. థీసిస్‌కి పచ్చల కంపెనీ కేసు కాగితాలు కావాలన్నావు. ఉన్నాయి. నా మంచం కింద రేకుపెట్టెలో ఉన్నాయి. ట్రిబ్యునల్ ప్రతిని వరదనీళ్ళు తిన్నాయి. కంపెనీ ప్రతి కంపెనీతో పాటే దేశం దాటింది. నేల తవ్వి తీసిన పచ్చల్ని జెనీవాలో ఉన్న తన సొంత తోబుట్టువు కంపెనీకే గాజుముక్కల ధరకు అమ్మి, లాభమే లేదు, పన్నెక్కడిది అన్న పెద్దమనుషులు వాళ్ళు. ఇప్పుడు దానికి మీ క్లాసులో 'బదిలీ ధర' అని పేరు పెట్టారట. మా రోజుల్లో దాన్ని దొంగతనం అనేవాళ్ళం. మాటలు పెరిగాయి, దొంగలు తగ్గలేదు.

కాగితాలు పంపుతాను. ఒక షరతు. ఆ కేసు ఎందుకు పోయిందో రాయాలి. ఎవరి వల్ల పోయిందో పేరు పెట్టి రాయాలి. శ్రీ మథియాస్ జెరె గారి వల్ల.

'గారు' చూశావు కదా. మన బెంబా తెగకీ వాళ్ళ ఎన్గోనీ తెగకీ బావల వరస. మన ముత్తాతలు ఈటెలతో పొడుచుకున్నారు కాబట్టి మనం మాటలతో పొడుచుకోవాలి, ఎవరికీ కోపం రాకూడదు. పద్దెనిమిదేళ్ళు పక్కపక్క బల్లల మీద పనిచేశాం. నేను వాణ్ణి ఎలుకలు తినేవాడా అనేవాణ్ణి, వాడు నన్ను కోతులు తినేవాడా అనేవాడు. సిలువ మీద వేలాడిన దొంగ పేరు పెట్టుకుని పన్నులు వసూలు చేస్తున్నావేమిట్రా దిస్మాస్ అని రోజూ ఉదయం అడిగేవాడు. ఆ కేసు పోయాక నేను ఆయన్ని తిట్టడం మానేశాను. గారు అంటున్నాను. మన దగ్గర బావకి అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

చలికాలం వస్తోంది. ఊలు బట్టలు వేసుకో.

నీ తమ్ముడు, వీలుంటే మామయ్య,
దిస్మాస్ కపెంబ్వ


కేప్‌టౌన్,
9 ఏప్రిల్ 2004

మామయ్యకి ప్రిస్కా నమస్కారం.

మీ ఉత్తరం మా గదిలో గట్టిగా చదివాను. మీరన్న కెన్యా పిల్ల వాంజిరు ఇప్పుడు నన్ను 'ముసలావిడా' అని పిలుస్తోంది.

ఇక్కడ క్లాసులో పద్నాలుగు మందిమి. పన్నెండు మంది కంపెనీల తరఫున వాదించడానికి చదువుతున్నారు. నేనూ, లెసోతో నుంచి వచ్చిన ఒకతనూ మాత్రం మా ప్రభుత్వాలు పంపితే వచ్చాం. భోజనాల దగ్గర మిగతావాళ్ళు మా ఇద్దరితో ఇంట్లో ఎవరో పోయినవాళ్ళతో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడతారు.

ప్రొఫెసర్ మారేకి పచ్చల కేసు సంగతి చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "తీర్పులో ఏముందో నేనూ చదవగలను. తీర్పుకి ముందు ఆఫీసులో ఏం జరిగిందో అసలు కాగితాలతో చూపించగలవా? చూపిస్తే అది థీసిస్. లేకపోతే వార్త" అంది. చూపిస్తానన్నాను. కాబట్టి ఇప్పుడు నాకు వేరే దారి లేదు. నవంబరు పదిహేనులోగా ఇవ్వాలి. ఇవ్వకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకుండా తిరిగొస్తే కొత్తగా పెడుతున్న గనుల పన్ను విభాగంలో నాకని ఉంచిన కుర్చీ ఇంకొకరికి పోతుంది. నేను మళ్ళీ జిల్లా కోర్టులో కోళ్ళ దొంగల మీద వాదించుకోవాలి.

ఒక్క ఇబ్బంది. థీసిస్‌లో బతికున్నవాళ్ళ పేర్లు రాయనివ్వరు. 'అధికారి-1', 'అధికారి-2' అని రాయాలి. పేరు లేకపోయినా జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇది మీకు సమ్మతమేనా?

మీ మేనకోడలు,
ప్రిస్కా


లువాంష్యా,
2 మే 2004

అక్కా,

సమ్మతం కాదు. అధికారి-1, అధికారి-2! మేమేమన్నా బస్సు సీట్లమా? ఒక మనిషి దేశం నోటి దగ్గర ముద్ద లాక్కుంటే అతనికి అంకె వేసి గౌరవిస్తారా మీ విశ్వవిద్యాలయంలో? నేను సెమినరీలో నాలుగేళ్ళు లాటిన్ చదివాను. ఫాదర్లు మానేయించకపోతే ఇంకా చదివేవాణ్ణి. రెండువేల ఏళ్ళ కిందటి లంచగొండుల పేర్లు తండ్రి పేరుతో సహా ఇవాళ్టికీ చదువుకోవచ్చు. వాళ్ళు రాయగలిగారు, మీరు రాయలేరు.

అయినా కాగితాలు పంపుతున్నాను, ఎందుకంటే నేను మాట తప్పను. రాగి లారీ నడిపే చిసాలా జోహన్నెస్‌బర్గ్ దాకా తీసుకెళ్ళి అక్కడ పోస్టులో వేస్తాడు. పైన నా చేతిరాతతో కాగితాల పట్టీ ఉంది.

కథ నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. ఒక్కసారి వరసగా విను. ఏ సంవత్సరం పన్నుకైనా ఆరేళ్ళ గడువు. ఆ తర్వాత నోటీసు ఇస్తే అది చిత్తుకాగితం. ఆ కంపెనీ ఆరేళ్ళూ మమ్మల్ని తిప్పి, చివరి లెక్కలు 1988 మార్చి 25న మా మొహాన కొట్టింది. గడువు మార్చి 31, గురువారం. మరునాడు గుడ్ ఫ్రైడే, సోమవారం దాకా ఆఫీసు లేదు. మేం రాత్రీ పగలూ కూర్చుని నోటీసు తయారు చేశాం. మంగళవారం 29న మీ అమ్మ పోయింది. నేను ఆఫీసున్న ఎన్డోలా నుంచి లువాంష్యా వచ్చేశాను. మన వాళ్ళలో ఆడది పోతే తమ్ముడు కూర్చోవాలి. మొగుడు కూర్చోకపోయినా ఫరవాలేదు, తమ్ముడు లేకపోతే శవం లేవదు.

నోటీసు పని జెరె గారికి అప్పగించి వచ్చాను. ఆయన దాన్ని సొరుగులో పెట్టుకున్నాడు. ఇది నా మాట కాదు. విచారణలో ఆయన నోటితో ఆయనే చెప్పాడు. "నోటీసు నా సొరుగులో ఉండిపోయింది." అరవై మూడో కాగితం, చూసుకో. నేను ఏప్రిల్ 5న ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టాను. అయిదు రోజులు ఆలస్యం. ట్రిబ్యునల్ ఒక్క పూటలో కొట్టేసింది. నన్ను 'ప్రజాహితం దృష్ట్యా' ఇంటికి పంపారు. ప్రజలకి నా వల్ల అప్పటిదాకా కలిగిన అహితం ఏమిటో ఎవరూ చెప్పలేదు. మా పై అధికారి, సంతకం చెయ్యడానికి మూడు పెన్నులు మార్చే మనిషి, నాతో చెయ్యి కలపకుండా కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. పేపరువాడు నా పేరు తప్పు రాశాడు. ఆ ఆదివారం ఫాదర్ సిలువ మీది మంచి దొంగ గురించి ప్రసంగం చేశాడు. జెరె గారిని దేశం చివరున్న మోంగుకి బదిలీ చేశారు, అంతే. రెండేళ్ళకి ఆయన దగ్గర నీలం కారు ఉందని విన్నాను. నీలం కార్లు మోంగు ఇసుకలో మొలవవు.

ఇది రాయి. అంకె వేస్తావో పేరే వేస్తావో నీ మనస్సాక్షి చూసుకో.

దిస్మాస్


కేప్‌టౌన్,
20 జూన్ 2004

మామయ్యకి,

కాగితాలు చేరాయి. వారం రోజులుగా వాన. లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుని ఒక్కొక్కటే చదివాను. మీ చేతిరాత అప్పట్లో ఎంత నిలకడగా ఉండేదో! వాంజిరు చూసి అచ్చు వేసినదనుకుంది.

ఒకటి అడగాలి. పట్టీలో నలభై ఒకటో కాగితం దగ్గర 'నోటీసు, మొదటి ప్రతి' అని మీరే రాశారు. నలభై రెండు, ఏప్రిల్ 5న మీరు సంతకం చేసిన ప్రతి. కట్టలో నలభై తర్వాత నలభై రెండే ఉంది. లారీలో జారిపోయిందా? ఎలుకలు గాని కొట్టాయా?

ప్రొఫెసర్ మారే నన్ను వదలడం లేదు. "నోటీసు సొరుగులోనే ఉండిపోతే రెండో ప్రతి ఎందుకు రాసుకున్నారు? అదే తీసి సంతకం పెట్టొచ్చుగా?" అని అడిగింది. పట్టీ మళ్ళీ తిరగేశాను. "సరే, ఆ రెండో అధికారి బతికే ఉన్నాడా?" అంది. ఉన్నాడన్నాను. "మరి అతన్ని అడగలేదా? న్యాయశాస్త్రం చదివిన దానివేనా?" అంది. నవ్వుతూనే అంది.

ఇంకొకటి. ఈ తారీఖులు చదువుతుంటే అమ్మ పోయిన రోజులు గుర్తుకొచ్చాయి. పెద్దగా ఏమీ గుర్తులేవు. అందరూ నవ్వుతున్నారని గుర్తు. అమ్మ చచ్చిపోతే వీళ్ళు నవ్వుతున్నారేమిటి అనుకున్నాను. బయట లాండ్‌రోవర్ ఆగి ఉంది. పొడుగాటి మనిషి ఒకడు నన్ను పక్కకి పిలిచి, జేబులోంచి ముద్ర తీసి నా ఎడమచేతి వెనక కొట్టాడు. ఊదారంగు తారీఖు. వారం రోజులు ఆ చెయ్యి కడుక్కోలేదు. అది మీ ఆఫీసు ముద్ర కదూ? ఎవరాయన?

మీ
ప్రిస్కా


లువాంష్యా,
11 జూలై 2004

కుమారి ప్రిస్కా గారికి,

నలభై ఒకటో కాగితాన్ని చెదలు తిన్నాయి. ఈ దేశంలో చెదలు ఉన్నాయన్న సంగతి తమరి ప్రొఫెసరు గారికి తెలియకపోవచ్చు.

మా ఆఫీసు నుంచి ఆ చావుకి ఎవరూ రాలేదు. పదకొండేళ్ళ పిల్ల జ్ఞాపకం ఏ కోర్టులోనూ సాక్ష్యం కాదు. ఆ సంగతి మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు.

క్లాసులో పన్నెండు మంది కంపెనీల వైపు అన్నారు. ఇప్పుడు పదమూడేమో. తమరికి కుర్చీ ఎవరు చూపించారో నాకు తెలియదు, తెలుసుకోవాలని లేదు. జెరె గారితో మాట్లాడితే నాతో మాట్లాడనక్కర్లేదు. నా కాగితాలు నాకు తిప్పి పంపగలరు.

ఇట్లు,
డి. కపెంబ్వ


కేప్‌టౌన్,
22 ఆగస్టు 2004

మామయ్యకి,

'గారు' చేరింది.

మీ ఉత్తరం వచ్చేసరికి నేను ఇక్కడ లేను. జూలై సెలవుల్లో బస్సెక్కి జెరె ఉంటున్న చిపాటా వెళ్ళొచ్చాను. నాలుగు రోజుల ప్రయాణం. లుసాకాలో బస్సు మారాను, లువాంష్యా వైపు రాలేదు. వస్తే మీరు వెళ్ళనివ్వరని తెలుసు. మిమ్మల్ని అడగకుండా వెళ్ళినందుకు ఏమనాలో అనండి.

జెరె వసారాలో మంచం మీద ఉన్నారు. ఊపిరితిత్తుల జబ్బు. రెండు మాటలకి ఒకసారి ఆగుతారు. నేను ఎవరినో చెప్పగానే లేచి కూర్చోవడానికి చూసి, కూతుర్ని కేకేశారు. "తొకో! కోతులు తినేవాళ్ళ పిల్ల వచ్చింది. కోళ్ళని లోపల పెట్టు!" తర్వాత నన్ను అడిగారు. "ఆ దొంగ ఇంకా బతికే ఉన్నాడా? లాటిన్‌లో ఏడుస్తున్నాడా, బెంబాలోనేనా?"

నా ఎడమచెయ్యి అందుకుని తిప్పి చూశారు. "అరిగిపోయిందే" అన్నారు. "మళ్ళీ వెయ్యనా?"

అప్పుడు నాకు అర్థమైంది. మీకు కోపం వచ్చేలోపు మిగతాది ఆయన మాటల్లోనే రాస్తాను. బస్సులో కూర్చోగానే రాసిపెట్టుకున్నాను.

"సొరుగులో ఏమీ లేదమ్మా. గురువారం పొద్దున నోటీసు పట్టుకుని, ముద్ర జేబులో వేసుకుని లాండ్‌రోవర్‌లో నేనే వచ్చాను. సంతకం అధికారం మీ మామయ్య ఒక్కడిదే. మా పెద్దాయన పండక్కి ఊరెళ్ళాడు. నేను వచ్చేసరికి మీవాళ్ళు మొగాళ్ళంతా బయట మంట చుట్టూ దుంగల మీద కూర్చుని సంకటి తింటున్నారు. ఎన్గోనీ బావ వచ్చాడని కేకలు. చావింటికి బావ వస్తే ఏం చెయ్యాలి? నవ్వించాలి. అందరూ నా నోటివైపే చూస్తున్నారు. నేను కాగితం మీద తారీఖు ముద్ర కొట్టి వాడి మొహం ముందు ఆడించాను. 'ఒరేయ్ కోతులు తినేవాడా, సంతకం పెట్టు. ఇవాళ సాయంత్రంతో దీని గడువు అయిపోతుంది. లేకపోతే దీన్నీ మీ అక్క పక్కనే పూడ్చాలి' అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. లోపలి నుంచి ఆడవాళ్ళు కూడా వచ్చి నవ్వారు. వాడూ నవ్వి, 'ముందు నువ్వు తిన్న ఎలుకని పూడ్చుకో' అన్నాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ నవ్వారు. మూడోసారి చెప్పాను. వాడు సంకటి చేత్తో కాగితం లాక్కుని పిర్ర కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఇక పొట్టలు పట్టుకుని నవ్వారు. అయిదింటిదాకా కూర్చున్నాను. తర్వాత శవం లేచింది. నేను వెళ్ళిపోయాను."

చాలాసేపు దగ్గారు. నేను అడిగాను. "మరి పక్కకి పిలిచి చెప్పొచ్చుగా?"

"అదేగా. పక్కకి పిలిచి, సార్ అని, గుమాస్తాలాగా చెప్పాల్సింది. బావలాగా వెళ్ళాను, బావలాగా చెప్పాను. ఇది నిజమనుకుంటాడులే అనుకున్నాను. వాడు ఇది వేళాకోళం అనుకున్నాడు. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే."

విచారణలో ఎందుకు అలా చెప్పారని అడిగాను.

"చావింట్లో బావ అన్నమాట కోర్టుకి ఎక్కదమ్మా. ఎక్కిస్తే ఆ తర్వాత ఏ బావా ఏ చావుకీ రాడు. ఇంకా ఏం చెప్పమంటావు? అక్కని పూడుస్తూ సంతకం మర్చిపోయాడని చెప్పనా? సొరుగులో ఉండిపోయిందన్నాను. సొరుగుకి పరువు లేదు కదా."

నీలం కారు ఆయన అన్నగారిది. ఆయన పోతే వీళ్ళకి వచ్చింది. ఇప్పుడు పెరట్లో ఉంది, దాంట్లో కోళ్ళు పడుకుంటాయి.

నాకు ఏడుపు రాలేదు. అమ్మ పోయినప్పుడూ రాలేదని పెద్దమ్మ చెప్పేది. తిరిగివచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, నాలుగు రోజులూ బయటికి చూస్తూ కూర్చున్నాను. ఏం చూశానో గుర్తులేదు.

మామయ్యా, ఆయన చెప్పింది నేను కాగితం లేకుండా రాయలేను. మీరు చెప్పింది రాయలేను, అది నిజం కాదు. నలభై ఒకటో కాగితం మీద మార్చి 31 ముద్ర ఉంటుంది, సంతకం ఉండదు. అది లేకపోతే నాకు థీసిస్ లేదు.

ఆయనకి ఎక్కువ రోజులు లేవు. మీరంటే కోపం లేదు. "వాడు పదహారేళ్ళుగా నన్ను తిట్టలేదు. చచ్చిపోయానేమో అనిపిస్తోంది" అన్నారు.

ప్రిస్కా


కేప్‌టౌన్,
26 సెప్టెంబరు 2004

తమ్ముడూ దిస్మాస్,

అయిదు వారాలు చూశాను. నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. కాబట్టి నీ మేనకోడలు పక్కకి తప్పుకుంది. లుకొండెని రాస్తున్నాను. పూసలు ఈ పొద్దున కట్టుకున్నాను. దారం పాతదైపోయి తెగింది, కుట్టుదారంతో మళ్ళీ గుచ్చాను.

నేను పోయినప్పుడు నువ్వు కూర్చోవలసిన చోట కూర్చున్నావు. మూడు రోజులు కదలలేదు. నాకు అది తెలుసు. ఎవడో నా చావు దగ్గర కాగితం ఆడిస్తే నవ్వావు. నవ్వాలి కాబట్టి నవ్వావు. దానికి ఎవరూ దోషి కానక్కర్లేదు. నువ్వు కానక్కర్లేదు, అతనూ కానక్కర్లేదు. కానీ పదహారేళ్ళుగా నా చావుకి ఆ మనిషి చేత సుంకం కట్టిస్తున్నావు. అది నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు అక్కగా చెప్తున్నాను. పెట్టె తెరువు. చెదలు రేకు తినవు, ఆ అబద్ధం ఇంకెప్పుడూ చెప్పకు. కాగితం తీసుకుని చిపాటా వెళ్ళు. ఆ మనిషిని ఎదురుగా నిలబడి తిట్టు. ఆ తర్వాత కాగితం ఆ పిల్లకి పంపు. పంపకపోయినా సరే. ఆ పిల్ల కోళ్ళ దొంగల మీద వాదించుకుని బతుకుతుంది. నువ్వు మాత్రం వెళ్ళు.

ఊలు టోపీ పెట్టుకో. పొద్దున బస్సుల్లో గాలి.

నీ అక్క,
లుకొండె


లువాంష్యా,
24 అక్టోబరు 2004

అక్కా,

నీ ఉత్తరం ఎనిమిదో తేదీన అందింది. నిలబడి చదివాను. కూర్చోమని నువ్వు చెప్పలేదు కాబట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాను.

మరునాడు బస్సెక్కాను. లుసాకాలో రాత్రి స్టాండులో పడుకున్నాను. చిపాటాలో దిగి ఇంటి గుర్తులు అడిగితే, "జెరె వాళ్ళ ఇల్లా? అక్కడికే అందరూ వెళ్తున్నారు" అన్నారు. ఇంటి ముందు దుంగలు కాలుతున్నాయి. ముందు రోజు మధ్యాహ్నం పోయాడు.

నీలం కారులో కోళ్ళు ఉన్నాయి. నువ్వు రాసింది నిజమే.

నేనెవరినో చెప్పాను. వాడి కూతురు తొకోజిలె నన్ను ఎగాదిగా చూసి, "కోతులు తినేవాళ్ళ తరఫున ఎవరూ రాలేదే, ఇక ఎవరూ నవ్వరేమో అనుకుంటున్నాం" అంది. మొగాళ్ళు దుంగ మీద చోటు ఇచ్చారు. సంకటి పెట్టారు. తిన్నాను. రుచి తెలియలేదు. నేను ఏదో ఒకటి అంటానని అందరూ చూస్తున్నారు. పదహారేళ్ళుగా నేను ఎవరినీ నవ్వించలేదు. ఇప్పుడు ఎలా నవ్వించాలో కూడా తెలియలేదు. ఆ రాత్రి అలాగే గడిచింది. పక్కవాడు, "ఈ కోతి పాఠం మర్చిపోయింది" అన్నాడు. దానికే కొంచెం నవ్వారు.

నువ్వు నన్ను అడగని ఒక మాట చెప్తాను. జెరె నన్ను ఎగతాళి చేసేటప్పుడు ఎప్పుడూ ఎడమకన్ను మూసేవాడు. పద్దెనిమిదేళ్ళు చూశాను. ఆ రోజు మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి. నేను చూశాను. చూసినట్టు తెలుసు. లేచి చెయ్యి కడుక్కుని సంతకం పెడితే అర నిమిషం. లేవలేదు. అక్క లోపల పడుకుని ఉంది, ఆ పచ్చలూ జెనీవా నాకెందుకు అనిపించింది. అంతే. వేళాకోళం అనుకున్నాననే మాట తర్వాత వచ్చింది. సొరుగు ఇంకా తర్వాత వచ్చింది, అది వాడే ఇచ్చాడు. నన్ను కప్పడానికి వాడు దుప్పటి ఇస్తే, దాన్ని వాడి మొహం మీదే కప్పి పదహారేళ్ళు పైన కూర్చున్నాను.

సమాధి దగ్గర శవపెట్టెను దించే ముందు బావ ఎక్కడ, బావ ఎక్కడ అని అరిచారు. వెళ్ళాను. మోకాళ్ళు వంగడానికి ఇద్దరు పట్టుకున్నారు. కోటు జేబులోంచి నలభై ఒకటో కాగితం తీసి పెట్టె మీద ఆడించాను.

"ఒరేయ్ ఎలుకలు తినేవాడా, లే. సంతకం పెట్టు. ఇవాళ సాయంత్రంతో దీని గడువు అయిపోతుంది."

నవ్వారు. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని పక్కావిడ మీద పడిపోయింది. పారలు పట్టుకున్న కుర్రాళ్ళు పారలు వదిలేశారు. తొకోజిలె మట్టిలో కూర్చుని నవ్వింది. "మళ్ళీ అను, కోతి తాతా, మళ్ళీ అను!" అని అరిచారు. మళ్ళీ అన్నాను. మళ్ళీ నవ్వారు. మూడోసారి కూడా అన్నాను. వాడూ ఆ రోజు మూడుసార్లే అన్నాడు.

నేను నవ్వానో లేదో తెలియదు. నవ్వానని తొకోజిలె చెప్పింది. తర్వాత పెట్టెను దించారు.

కాగితం ఇందులో పెట్టాను. ముద్ర స్పష్టంగానే ఉంది. కింద మూలన మరక సంకటిది, నా బొటనవేలు. సంతకం చేసే చోట చెయ్యి పెట్టాను గాని సంతకం పెట్టలేదు. సాక్ష్యాన్ని పాడు చెయ్యకూడదు. గడువు దాటాక పెట్టిన సంతకం చెల్లదని చాలామందికి చెప్పినవాణ్ణి నేనే.

వాడు ఇప్పుడు బతికున్నవాళ్ళలో లేడు కాబట్టి పేరు రాయొచ్చు. మథియాస్ జెరె, మార్చి 31న నోటీసును స్వయంగా తీసుకువెళ్ళి మూడుసార్లు హెచ్చరించాడు అని రాయి. గారు పెట్టకు. అధికారి-1 బతికే ఉన్నాడు, అతనికి అంకె చాలు.

నవంబరు పదిహేనో తేదీలోగా ఇది నీకు చేరుతుందో లేదో నాకు తెలియదు. అందుకే పోస్టులో వెయ్యలేదు. చిసాలా లారీలో కేప్‌టౌన్ దాకా పంపుతున్నాను.

టోపీ చిపాటాలో మర్చిపోయాను.

నీ తమ్ముడు,
దిస్మాస్